నడుం నొప్పికి గర్భసంచి ఎందుకు తీయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. పత్తి తీతలకు, మిరప కోతలకు వెళ్తాను. ఏడాది నుంచి నడుం నొప్పి, తెల్లబట్ట. మా ఆయనకూ నడుం నొప్పే. ఆయనకు ఎక్స్‌రే తీశారు, బెల్టు ఇచ్చారు, బరువులెత్తొద్దన్నారు. నాకు మాత్రం నీరసమని బలానికి ఇంజెక్షన్ వేశారు. ఇప్పుడేమో గర్భసంచి తీసేస్తే పోతుందంటున్నారు. మా వీధిలో చాలామంది తీయించుకున్నారు. నన్నూ తీయించుకోమంటారా?
- ఒక సోదరి, దాచేపల్లి

జవాబు: తొందరపడొద్దమ్మా. మీరు రాసినదాంట్లో ఆపరేషన్‌కు తగిన కారణం నాకు కనిపించలేదు. తెల్లబట్ట ఎక్కువవడానికి చాలాసార్లు ఇన్ఫెక్షనే కారణం. పరీక్ష చేసి మందులిస్తే తగ్గుతుంది. కొన్ని ఇన్ఫెక్షన్లకు భర్త కూడా మందు వాడాలి. ఇక నడుం సంగతి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కాయలు కోసే మనిషికి, ఒడినిండా పత్తితో సాళ్ల వెంట తిరిగే మనిషికి నడుం కండరాలు, డిస్కులు నొప్పి పెట్టడంలో వింతేముంది? వంగితే పెరిగి, పడుకుంటే తగ్గుతోందంటే అది చాలావరకు అక్కడి నొప్పే. గర్భసంచి తీసినా అది పోదు. పైగా అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారి నడుం నొప్పి ఇంకా పెరగొచ్చు.

మీ ఆయన నొప్పికి వెన్ను చూసి, మీ నొప్పికి గర్భసంచి చూపించారు. అదే నన్ను బాధపెట్టింది. ఇది మీ ఒక్కరి సంగతీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్ల కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

ఆడవాళ్ల నొప్పిని తక్కువ చేసి చూడటం మన దగ్గరే కాదు, బయటా ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి కడుపునొప్పితో వచ్చినవాళ్లను గమనించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. నొప్పి ఎంతుందంటే ఆడా మగా ఇంచుమించు ఒకేలా చెప్పారు. అయినా నొప్పి మందు అందడానికి మగవారికి సుమారు 49 నిమిషాలు పడితే, ఆడవారికి 65 పట్టింది.

క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన గర్భసంచి వంటివాటికి ఆపరేషన్ అవసరం కావచ్చు. స్కానింగ్‌లో కనిపించే ప్రతి చిన్న గడ్డకూ అక్కర్లేదు. మీకు ఆపరేషన్ చెప్పిన ఆసుపత్రితో సంబంధం లేని మరో గైనకాలజిస్టుకు రిపోర్టులు చూపించండి. నడుమును ఎముకల డాక్టరుకు విడిగా చూపించండి. అక్కడ ‘నొప్పండీ’ అని ఊరుకోవద్దు. ఎంతసేపు వంగితే మొదలవుతోంది, కాలులోకి లాగుతోందా, నెలసరికి పెరుగుతోందా, ఏ పని మానేయాల్సి వస్తోందో అన్నీ చెప్పండి. మీ ఆయనకు జాగ్రత్తలు చెప్పినట్టే మీకూ విశ్రాంతి, వ్యాయామం చెప్పమని అడగండి. అది మీ హక్కు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నాపరాళ్ల పని చేస్తాను. మోకాళ్ల నొప్పులు. మగాణ్ణయ్యుండి నొప్పని కూర్చుంటే నవ్వుతారని రోజూ ఒక డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకుని పనికి పోతున్నా. ఫర్వాలేదా?
- ఒక పాఠకుడు

జవాబు: ప్రమాదమండీ. ఆ బిళ్ల రోజూ వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఉన్న ఒంటిలో కిడ్నీలను కూడా దెబ్బతీయొచ్చు. నొప్పి చెప్పుకోలేక మగవాళ్లు ఆరోగ్యం పోగొట్టుకునేది ఇలాగే. ఈ వారమే బీపీ, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, మోకాళ్లు డాక్టరుకు చూపించండి. విరేచనం నల్లగా వస్తుంటే బిళ్ల ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.