ఖాళీ స్కెచ్‌బుక్

తార్నాక చౌరస్తా దాటి పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. నడిచేవాళ్లు, చెట్ల కింద గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్లు. నేను నడిచే రకం. ఆ మధ్య ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఈ రెంటికీ చెందని మనిషి కనిపించింది. మా వీధి అమ్మాయే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్లుగా పని చేస్తోంది. విదేశంలో యానిమేషన్ చదివి ఆ రంగంలోకి మారాలని ఆశ. ఒళ్లో కొత్త స్కెచ్‌బుక్, అందులో ఒక్క గీతా లేదు.

"డ్రాయింగ్ క్లాసులో చేరమంటారా అంకుల్? ఇరవై తొమ్మిదేళ్లొచ్చి పిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గేస్తోంది. ఎట్లాగూ అక్కడికెళ్లి నేర్చుకునేదే కదా?"

ముందు రెండో మాట సంగతి చూద్దాం. ఇలాంటి కోర్సుల్లో చాలావాటికి సీటు కావాలంటే పోర్ట్‌ఫోలియో పంపాలి. అంటే చేతిలో పని ఉంటేనే విమానం. పైగా అందులో నున్నగా తుడిచి పంపిన బొమ్మ ఒక్కటే చాలదు. ఆలోచన ఎక్కడ మొదలై ఎట్లా మలుపు తిరిగిందో చెప్పే చిత్తు గీతలకూ విలువుంటుంది. చిత్తు గీతలు నెల రోజుల్లో పుట్టవు.

మేం కూర్చున్న భవనం వెనకా అలాంటి ముందస్తు శ్రమే ఉంది. 1939లో ప్రారంభమైన ఈ ఆర్ట్స్ కాలేజీని కట్టకముందు నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. వాళ్లు అక్కడి నమూనా ఏదీ తెచ్చి ఇక్కడ దించేయలేదు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ చేయి వేసిన ఈ కట్టడంలో అజంతా, ఎల్లోరా గుహల్ని తలపించే స్తంభాలున్నాయి. వాటి పక్కనే పెద్ద కమాను. వాళ్లు లోకమంతా తిరిగొచ్చినా, రాయి మీద కనిపించేది ఇక్కడి చూపే. డ్రాయింగ్ క్లాసు నేర్పేది కూడా ముందు చూడటమే.

ఇక సిగ్గు. పక్కన కూర్చున్న పదేళ్ల పిల్ల నీకంటే బాగా గీస్తుంది. గీయనీ. తప్పు ఎక్కడుందో పట్టుకునే ఓపిక ఆరేళ్ల టెస్టింగ్ నీకు ఇచ్చింది. పాత పని కొత్త పనిలోకి వెంట వస్తుంది. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కళాకారుడు కృష్ణారెడ్డినే చూడండి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. లండన్ వెళ్లి శిల్పం నేర్చారు. పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపే ప్రింట్ల స్టూడియో అటెలియర్ 17లో చేరి అటువైపు మళ్లారు. శిల్పి చేయి ఊరుకుంటుందా? లోహపు పలకను శిల్పంలాగే ఎత్తుపల్లాలుగా చెక్కారు. చిక్కదనంలో తేడా ఉన్న సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో అద్ది, ఒకే పలక నుంచి ఒకేసారి ఎన్నో రంగులు రాబట్టే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఆయన ముందున్నారు. శిల్పం చదివిన ఏళ్లు వృథా అనుకుని వదిలేసుంటే ఆ పలకలు ఉండేవి కావు.

అయితే క్లాసని కనబడ్డ చోటల్లా ఫీజు కట్టొద్దు. మీరు వెళ్లదలచుకున్న రంగానికి ఏది కావాలో ముందు తేల్చుకోండి. యాప్‌ల డిజైన్ అయితే అక్షరాల అమరిక, పేజీ కూర్పు ముఖ్యం. యానిమేషన్ అయితే మనిషి ఒంటి కదలిక. ఫోటో చూసి నకలు గీయించే చోటు కంటే, ఎదురుగా కూజానో మనిషినో పెట్టి గీయించే చోటు మేలు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా నెల రోజులు చూడండి. ఉద్యోగం మాత్రం వదలకండి. అప్పు భయంతో గీసే చేయి బిగుసుకుపోతుంది.

మిగతా రోజులకు తార్నాక బస్టాపు చాలు. సిటీ బస్సు ఆగీ ఆగకముందే దిగేవాడి బరువు ఏ కాలి మీద పడుతోంది? రెండు సంచులు మోసే అమ్మ భుజం ఎటు వాలింది? ఒక్కొక్కరికీ అర నిమిషం, నాలుగు గీతలు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఆ ఒక్క సెకనులో ఏం జరుగుతుందో ముందు కన్నుకు తెలియాలి కదా. ప్రతి పేజీ కింద తేదీ వేయండి.

మొన్న ఆ అమ్మాయి మళ్లీ కనిపించింది. పుస్తకం సగానికి పైగా నిండింది. మొదటి పేజీలో ఆర్ట్స్ కాలేజీ కమాను ఓ పక్కకు ఒరిగిపోయి ఉంది.

"దీన్ని చింపేద్దామనుకుంటున్నా అంకుల్."

"కింద తేదీ వేశావా?"

"వేశాను."

"అయితే ఉంచమ్మా. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే."