టీసీ తీసుకునే ముందు

"కాలేజీ మానేసి ఆటలోకి పోతా" అని కొడుకు అన్న రోజు ఇంట్లో రెండు జట్లు తయారవుతాయి. నాయన ఒక జట్టు, మేనమామ ఒక జట్టు. "డిగ్రీ లేకుంటే ఎవడురా నీకు పిల్లనిచ్చేది" అని ఆయన. "సదువు యాడికి పోతాదిలే బావా, వయసు పోతే మళ్లీ వస్తాదా" అని ఈయన. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇద్దరూ అడగరు. "నిన్ను తీసుకోవడం లేదు" అని కబురొచ్చిన మర్నాడు పొద్దున నువ్వు ఎక్కడ ఉంటావు?

అవుకు నుంచి బస్సెక్కి బనగానపల్లెకో నంద్యాలకో పోయి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న రైడరు ఒకడున్నాడనుకో. సంక్రాంతికి, శ్రీరామనవమికి, ఉరుసుకు చుట్టుపక్కల ఎక్కడ కబడ్డీ పోటీ పెట్టినా వాడు దిగాల్సిందే. వాళ్ల నాయన నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. ఎవరో వీడి రైడు వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పారు. ఇంకెవరో ఫోన్ చేసి "ఆరు నెలలు మా క్యాంపులో ఉండు, ప్రో కబడ్డీ ట్రయల్స్‌కి మేం పంపిస్తాం" అన్నారు. వాడి కాళ్లు అప్పుడే నేల మీద లేవు.

ఆ కాళ్ల గురించే మాట్లాడదాం. ఊళ్లో కోర్టు మట్టిది. సున్నంతో గీత గీస్తారు, ఉత్త కాళ్లతో ఆడతారు. కాలి బొటనవేలు మట్టిలోకి దించి, ఒక్క ఊపులో ఒళ్లు తిప్పి, ఎదుటివాళ్ల చేతికి చిక్కకుండా గీత దాటడం వాడి విద్య. లీగులో ఆడేది మ్యాట్ మీద, బూట్లతో. అక్కడ బొటనవేలు ఎక్కడా దిగదు. పట్టు అరికాలి మీద దొరుకుతుంది, ఒళ్లు తిప్పినప్పుడు బరువంతా మోకాలి మీద పడుతుంది. రైడుకు ఉండేది ముప్పై సెకన్లు. అందులో ఒక్క అడుగు తడబడితే ముగ్గురు మీద పడతారు. కాబట్టి కాలేజీ సంగతి తేల్చుకునే ముందు తేల్చుకోవాల్సింది, మ్యాట్ మీద తనకంటే పెద్ద జట్టుతో వాడు ఎన్నిసార్లు ఆడాడన్నది. ఒక్కసారీ ఆడలేదంటే వాడికి ఇంకా తన ఆట సంగతే తెలియదు. ఉన్నదల్లా ఊళ్లో పేరు.

డబ్బు మాట కూడా దాచనక్కర్లేదు. 2024 ప్రో కబడ్డీ వేలంలో అన్నిటికన్నా కింది వర్గం ఆటగాడి కనీస ధరే 9 లక్షలు. గనికి పోయే ఇంట్లో అది ఎంత మొత్తమో నేను చెప్పాలా? అయితే కనీస ధర చేతికొచ్చేది ఎవరైనా కొంటేనే. క్రికెట్ లెక్క చూడు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలానికి పేర్లిచ్చినవాళ్లు 1,574 మంది. వడపోశాక మిగిలినవాళ్లు సుమారు 575. చివరికి అమ్ముడైనవాళ్లు 182. ఆ 1,574 మందిలో ఒక్కొక్కడూ తన ఊళ్లో మొనగాడే.

మనకు వినపడేవి మాత్రం అలా వేలంలో అమ్ముడైనవాళ్ల కథలే. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మను 2022లో ముంబయి ఇండియన్స్ 1.70 కోట్లకు కొనుక్కుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కోసం వాళ్ల నాన్న హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం మానేశాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆ అబ్బాయి టెస్టు సెంచరీ కొడితే తెలుగువాళ్లందరూ టీవీల ముందు కళ్లు తుడుచుకున్నారు. గొప్ప కథే. కానీ దాన్ని చెప్పి కొడుకును కాలేజీ మాన్పించే తండ్రిని చూస్తే నాకు భయం. సన్‌రైజర్స్ నితీశ్‌ను మొదట కొన్నది 20 లక్షల కనీస ధరకు. 2023లో ఆడించింది రెండే మ్యాచ్‌లు. వేలంలో పేరు పలికాక కూడా ఒక ఏడాది బెంచీ మీదే గడిచింది. ఆ ఏడాదిని ఎవరూ రీల్స్‌లో పెట్టరు.

ఇలా ముందే దూకడం మీద అందరికంటే ఎక్కువ కుస్తీ పట్టినవాళ్లు అమెరికా బాస్కెట్‌బాల్ వాళ్లు. అక్కడ కుర్రాళ్లు కాలేజీ జట్లకు ఆడుతూ ఎదుగుతారు. ఏటా జూన్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది, ఎన్‌బీఏ జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకుంటాయి. రెండు రౌండ్లు కలిపి అరవై లోపే పేర్లు. మొదటి రౌండులో పేరొస్తే మొదటి రెండేళ్ల జీతానికి హామీ ఉంటుంది. రెండో రౌండులో అలాంటి హామీ లేదు. నాలుగేళ్ల చదువు పూర్తికాకముందే కొందరు పేరిస్తారు. ఇరవై ఏళ్ల కింద పేరిచ్చి ఏజెంటుతో సంతకం పెట్టాడంటే కాలేజీ తలుపు మూసుకున్నట్టే.

లెనీ కుక్ అని న్యూయార్క్ కుర్రాడు ఒకడుండేవాడు. దేశంలోని హైస్కూల్ ఆటగాళ్లలో లెబ్రాన్ జేమ్స్ కంటే పైన లెక్కగట్టిన రోజులున్నాయి వాడిని. 2002లో కాలేజీ మెట్లెక్కకుండానే డ్రాఫ్ట్‌కు పేరిచ్చాడు. ఏ జట్టూ తీసుకోలేదు. ఏజెంట్లతో ఒప్పందం అప్పటికే అయిపోయింది, కాలేజీ జట్టుకు ఆడే అర్హత పోయింది. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. మరుసటి ఏడు లెబ్రాన్ మొదటి పేరుగా ఎంపికయ్యాడు. అతడూ కాలేజీకి పోలేదు, నేరుగా హైస్కూల్ నుంచే వచ్చాడు. ఇద్దరిదీ ఒకే నిర్ణయం. అందుకే "లెబ్రాన్ చేశాడు కదా" అన్న మాటకు విలువ లేదు.

మనకూ ఒక అంబటి రాయుడున్నాడు. 2002లో, పదిహేడేళ్ల వయసులో, ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టాడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు కెప్టెన్. సచిన్ తర్వాత ఇతడే అన్నవాళ్లున్నారు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌కు పోయాడు. బీసీసీఐ గుర్తించని లీగు అది. ఆడినవాళ్ల మీద బోర్డు నిషేధం పెట్టింది. 2009లో బోర్డే క్షమాభిక్ష పెట్టి వెనక్కి రానిచ్చింది. భారత్ తరఫున మొదటి వన్డే ఆడేసరికి 2013, వయసు ఇరవై ఏడు. మొత్తం మీద ఆరు ఐపీఎల్ ట్రోఫీలు గెలిచిన జట్లలో ఉన్నాడు, కాబట్టి అతడి కథ విషాదం కాదు. కానీ ఆ తలుపు తెరిచింది అతడి బ్యాటు కాదు, బోర్డు. వాళ్లకు ఆ మనసు రాకపోయి ఉంటే? తిరిగొచ్చే దారి తాళం ఎవరి దగ్గర ఉందో దూకేముందు కనుక్కోవడం పిరికితనం అనిపించుకోదు.

లెనీ కుక్‌కు తగిలినలాంటి దెబ్బలు చూశాకే అమెరికా బాస్కెట్‌బాల్ వాళ్లు పద్ధతి మార్చుకున్నారు. ఇప్పుడు కాలేజీ కుర్రాడు పేరిచ్చి, జట్ల ముందు ఆడి చూపించి, నిపుణుల సంఘాన్ని "నన్ను ఏ రౌండులో తీసుకుంటారు" అని అడిగి, జవాబు నచ్చకపోతే గడువులోగా పేరు వెనక్కి తీసుకుని మళ్లీ కాలేజీకి పోవచ్చు. దానికి తోడు 2021 నుంచి కాలేజీలో ఉండగానే తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు కల్పించారు. ఆ ఏడు ముందే పేర్లిచ్చినవాళ్లు 353 మంది. 2025లో 106. కుర్రాళ్లకు ఉన్నట్టుండి బుద్ధి పెరిగిందా? లేదు. ఉన్నచోట నాలుగు డబ్బులు, వెనక్కి దారి దొరికేసరికి తొందర తగ్గింది.

మనకు అలాంటి ఏర్పాటు ఎవరూ చేసిపెట్టలేదు. నువ్వే చేసుకోవాలి. కాలేజీలో పేరు ఉంచుకునే ట్రయల్స్‌కు పోవచ్చు. పీడీ సారును పట్టుకో. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే సౌత్ జోన్ పోటీల్లో తమిళనాడు, కేరళ, కర్ణాటక కుర్రాళ్లు ఎదురవుతారు, నీ ఆట విలువ అక్కడ తెలుస్తుంది. పోయేముందే అధికారిక లెటరు పెట్టించుకుంటే హాజరు సంగతి మాట్లాడుకోవచ్చు. తిరిగొచ్చాక పెట్టించుకుందామంటే పీడీ సారు బదిలీ అయిపోయి ఉంటాడు, మన ప్రాప్తం అట్లాంటిది.

నీకు ఆటలేమీ లేవనుకో. అయినా ఈ మాట నీదే. మన నంద్యాల జిల్లాలో అసలైన డ్రాఫ్ట్ పొద్దున ఐదింటికి గ్రౌండులో జరుగుతుంది. పోలీసు ఉద్యోగం కోసం 1,600 మీటర్లు పరుగెత్తే వందల మందిని చూడు. కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ కావాలి. "ఇంటర్‌తోనే వచ్చేస్తుంటే డిగ్రీ ఎందుకు, నంద్యాలలో రూము తీసుకుని కోచింగ్‌లో కూర్చుంటా" అని ఎంతమంది మానేశారో. ఒక్క నోటిఫికేషన్ కథ చెబుతాను. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. మెయిన్స్ 2025 జూన్‌లో, ఫలితాలు 2025 ఆగస్టులో. ప్రకటన చూసి డిగ్రీ మొదటి ఏడులో కాలేజీ మానేసినవాడి తోటివాళ్లు, ఆ ఫలితాలొచ్చేలోపు మూడేళ్ల డిగ్రీ పూర్తి చేసేశారు. మానేసినవాడు మిగుల్చుకున్న కాలమెంత? కోచింగ్ తప్పని నేననను. బ్యాంకు పరీక్షలకు నంద్యాలకున్న పేరు ఊరికే రాలేదు. కానీ ఆ బ్యాంకు పరీక్షకూ డిగ్రీ అడుగుతారు మరి.

స్పోర్ట్స్ కోటా ఉంది కదా అంటావు. ఉంది. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో దాన్ని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. అయితే కోటాలో టీచరు పోస్టు కావాలన్నా దానికి కావలసిన చదువు నీ దగ్గర ఉండాల్సిందే. పతకం పట్టుకుని పోయి సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోవడం కంటే ఉక్రోషం తెప్పించేది ఇంకోటి ఉండదు.

మరి ఇంట్లో జరగడమే కష్టంగా ఉంటే? అప్పుడు నా లెక్క మారుతుంది. అమెరికాలో ఈ ముందస్తు దారి తెరిచినవాడు స్పెన్సర్ హేవుడ్, మిసిసిపీలో పత్తి ఏరి పిల్లల్ని సాకిన తల్లి కొడుకు. అప్పటి నిబంధన ప్రకారం నాలుగేళ్లు ఆగాలి. ఆగలేనన్నాడు. 1971లో సుప్రీంకోర్టు అతడి పక్షాన నిలిచింది. ఇల్లు గడవనివాళ్లకు మినహాయింపు అన్న పద్ధతి ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి అప్పు మీద అప్పు చేస్తున్న ఇంట్లో కొడుకు చేతికొచ్చిన పని పట్టుకుంటానంటే చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడానికి మనమెవరం? కానీ పట్టుకునేది నిజంగా జీతమా, జీతం వస్తుందన్న ఆశా? జీతమైతే వెళ్లు. ఆరు నెలల క్యాంపుకు ఎదురు డబ్బు కట్టమన్నారంటే ఇంటి కష్టం తీరదు, పెరుగుతుంది.

అగ్నివీర్‌ను ఈ లెక్కతోనే చూడు. మొదటి నెల నుంచీ జీతం ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత సుమారు 11.71 లక్షల సేవానిధి. రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం దాకా. మిగిలినవాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు ఇంటికి తిరిగొస్తారు. చేరే రోజే "నేను తిరిగొచ్చేవాళ్లలో ఉంటా" అనుకుని చేరు. సర్వీసులో ఉండగానే చదువుకునేలా ఇగ్నో డిగ్రీ ఒకటి ఉంది, సైన్యంలో ఇచ్చిన శిక్షణకే అందులో సగం క్రెడిట్లు. మొదటి ఏడే అందులో పేరు రాయించుకున్నవాడు, చివరి ఏడు గుర్తుకు తెచ్చుకున్నవాడు ఒకే పెట్టెతో రైలు దిగరు.

ఎవర్ని అడగాలన్నది కూడా ముఖ్యమే. నువ్వు పోతే లాభపడేవాడిని అడగొద్దు. ఏజెంటు, క్యాంపు నడిపేవాడు, కోచింగ్ సెంటరు వాడు మంచివాళ్లే కావచ్చు, అయినా వాళ్ల పూట నీ 'సరే' మీద గడుస్తుంది. నువ్వు ఉండిపోతే లాభపడేవాడినీ అడగొద్దు. నువ్వు లేకపోతే జట్టు ఓడిపోతుందని బెంగపడే కెప్టెను, హాజరు పట్టీలో తల తగ్గుతుందని చూసే కాలేజీ వాళ్లు అందులోకే వస్తారు. నిన్ను ట్రయల్స్‌లో ఓడించినవాడిని అడుగు. నీ ఆటలో ఏం లేదో అందరికంటే బాగా తెలిసింది వాడికే. పోయి, ఎంపిక కాక, వెనక్కి వచ్చినవాడు మండలంలో ఒక్కడైనా ఉంటాడు. వాడికి టీ ఇప్పించి గంటసేపు కూర్చోబెట్టు. నోరు మొదట పెగలకపోవచ్చు. రెండో టీకి చెబుతాడు.

ఇంత విన్నాక కూడా పోవాలనిపిస్తే, పో. దిగులుగా పోవద్దు. మైఖేల్ జోర్డాన్ మూడేళ్లకే కాలేజీ వదిలి 1984లో ఎన్‌బీఏకు పోయాడు, 1986కల్లా భూగోళశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసుకున్నాడు. అలాగే వదిలి పోయిన స్టెఫెన్ కరీకి పదమూడేళ్లు పట్టింది, 2022లో పట్టా తీసుకున్నాడు. వాళ్లకున్న డబ్బు మనకు లేదు గానీ, వాళ్లు వదిలిపెట్టని కాగితాలు మనమూ వదిలిపెట్టకుండా ఉండొచ్చు.

ముందు ఇంట్లో తేదీ మాట్లాడుకో. "ఫలానా సంవత్సరం, ఫలానా నెల దాకా చూస్తా, అప్పటికి ఈ స్థాయి జట్టులో లేకపోతే తిరిగొస్తా" అని కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వు. నాయన మర్చిపోతాడేమో గానీ అమ్మ మర్చిపోదు. తర్వాత కాలేజీ ఆఫీసుకు పో. టీసీ అడగొద్దు. మళ్లీ చేరాలంటే నిబంధన ఏంటి, ఎన్నేళ్లలోపు కోర్సు పూర్తి చేయాలి, మధ్యలో ఆపితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందా పోతుందా, ఈ మూడూ అడిగి, యూనివర్సిటీ నిబంధన కాగితం చూపించమను. రాసిన సెమిస్టర్లన్నిటి మార్కుల మెమోలు తీసుకో. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో నీ ఖాతా తెరిచారో లేదో చూడు. అందులో పడిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. బ్యాక్‌లాగ్ సబ్జెక్టు ఉంటే పోయేముందే దాని ఫీజు కట్టు, పరీక్షకు ఒక్కరోజు సెలవు దొరుకుతుందా అని క్యాంపు వాళ్లను ఇప్పుడే అడుగు. "దొరకదు" అన్నారంటే, ఆ క్యాంపు గురించి నువ్వు తెలుసుకోవాల్సింది తెలిసిపోయినట్టే.