వావిలాకు: వాడుక ఎంత, రుజువు ఎంత?

బీదరులోని గాంధీ గంజ్ ధాన్యపు బజారు. కంది, పెసర, సోయా బస్తాలు మోసే చోట నడుము నొప్పులు, మోకాళ్ళ వాపులు కొత్త కావు. తెలుగు నేల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇట్టి బాధలో మొదట గుర్తుకు వచ్చేది వావిలాకు. బాలింతల స్నానపు నీటిలో కాచేదీ, వినాయక చవితి పత్రిలో సింధువారమనే పేరున చేరేదీ ఈ ఆకే. కన్నడిగులు దీనిని లక్కి అనీ, నెక్కి అనీ అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు నిర్గుండి.

గుర్తింపు

ఒక్కొక్క కాడకు సాధారణంగా ఐదు, కొన్నిటికి మూడు సన్నని చిరు ఆకులుంటాయి. వాటి అడుగుభాగం బూడిద తెలుపు. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పూలు లేత ఊదా రంగువి.

వాపు ఎట్లు కలుగుతుంది?

దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన రసాయనాలను విడుదల చేస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి నుండి ద్రవం చుట్టూ ఊరుతుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అందువలననే. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపారు. 1982లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నారు. ఆకుల సారానికీ అట్టి శక్తి ఉన్నదా అని పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు.

ప్రయోగశాలలో

సముద్రపు నాచు నుండి తీసిన క్యారజీనన్ అనే పదార్థాన్ని ఎలుక పాదంలోకి సూదితో ఎక్కిస్తే వాపు వస్తుంది. సారం ఇచ్చిన ఎలుకలలోనూ, ఇవ్వని వాటిలోనూ ఆ వాపును కొలిచి పోలుస్తారు. 2003లో వెలువడిన శ్రీలంక పరిశోధనలో ముదురు పచ్చి వావిలాకుల నీటి సారం ఎలుకలలో వాపునూ నొప్పినీ తగ్గించింది. ఎలుకలలో తేలినది మనుషులలో రుజువైనట్లు కాదు. పైగా ప్రయోగంలో మోతాదు తూచి ఇస్తారు. ఇంటి కషాయంలో అది ఆకును బట్టి, కాచిన తీరును బట్టి మారుతుంది. కాపడం వలన కలిగే సుఖంలో ఆకు పాలు ఎంతో, వేడి పాలు ఎంతో విడదీయడం కూడా కష్టమే.

పాటించవలసినవి

వెచ్చజేసిన ఆకును గుడ్డలో మూటగట్టి పాత నొప్పులకు కాపడం పెట్టుకోవచ్చు. బెణికిన తొలి రెండు రోజులు వేడి తగదు. మధుమేహం వలన పాదాల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. వారు కాపడం మానుకోవాలి. పుండు మీద ఆకు కట్టరాదు. గర్భిణులు, మూత్రపిండాల వ్యాధి గలవారు, నొప్పి మాత్రలు లేక రక్తం పలుచబరచే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా కషాయం త్రాగరాదు.

ఒకే కీలు హఠాత్తుగా ఎర్రబడి వాచినా, వాపుతో జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా అది ఆకుతో చూసుకునే బాధ కాదు. రోజు కూలి పోతుందని వాయిదా వేస్తే కీలే చెడిపోవచ్చు. ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, అంతవరకు వాడిన ఆకు పేరు కూడా వైద్యునికి చెప్పాలి. వావిలి అంటే తెలియకపోతే లక్కి అని చెప్పినా చాలు.