జొన్నరాశి – ఎద్దు కడుపు

చిప్పగిరి, ఆలూరు ప్రాంతముల నల్లరేగడి చేలలో జొన్న మనకు పాతపంట. గింజ మనిషికి, సొప్ప పశువుకు అనునది పెద్దలు చేసిన పంపకము. ఆ పంపకము తప్పినచో పశువు ప్రాణమునకే ముప్పు. కళ్లములో కట్టు తెంచుకొని రాశిమీద పడిన ఎద్దునకును, పాలు పెరుగునని ఒక్కసారిగా దాణా హెచ్చించిన గేదెకును వచ్చు వ్యాధి ఒక్కటే. దాని కారణమును, నివారణమును ఇచట తెలిసికొందము.

నెమరువేయు పశువు కడుపులో నాలుగు గదులు కలవు. వానిలో మిక్కిలి పెద్దది రూమెన్. అందలి సూక్ష్మజీవులు మేతలోని పీచును పులియబెట్టి, పశువునకు శక్తినిచ్చు ఆమ్లములుగా మార్చును. సొప్పను నమలునపుడును, నెమరువేయునపుడును ఊరెడి లాలాజలములో సహజముగనే సోడా ఉండును. అది ఆమ్లమును విరిచి రూమెన్ పి.హెచ్.ను సుమారు 6, 7 అంకెల మధ్య నిలుపును.

గింజలోని పిండిపదార్థము త్వరగా పులియును. మరపట్టిన గింజ ఇంకను త్వరగా పులియును. నమలుట తగ్గుటచే లాలాజలమును తగ్గును. లాక్టిక్ ఆమ్లము పేరుకొని పి.హెచ్. 5కు దిగజారినచో పశువు మేత మానును, నెమరు ఆగును, పుల్లని వాసనగల పారుడు పట్టును, చివరకు కూలబడును. బ్రతికి బయటపడినను గిట్టలు వాయవచ్చును. గిట్ట చెడిన ఎద్దు కాడికి పనికిరాదు.

నివారణకై దాణాలో కొన్నింటిని కలుపుదురు. వానిలో సులభమైనది తినేసోడా. 100 కిలోల దాణాకు 1 నుండి 1.5 కిలోల వరకు చాలును. మెగ్నీషియం ఆక్సైడును కూడ దానితో కలుపుట కలదు. ఈస్టు, లాక్టిక్ ఆమ్లమును వాడుకొను సూక్ష్మజీవులకు తోడ్పడును. మోనెన్సిన్ అను మందును అమెరికాలో 1975లో మాంసపు పశువుల మేతకు అనుమతించిరి. పశువుల పెరుగుదల కొరకు దానిని వాడుటను ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించినది. అది గుర్రమునకు ప్రాణాంతకము. పశువైద్యుని సలహా లేక దానిని ముట్టరాదు.

అయినను, ఏ పొడియు సొప్పకు బదులు కాజాలదు. ముందు సొప్ప, పిదప దాణా వేయవలెను. దాణాను రెండు మూడు వారములలో కొద్దికొద్దిగా పెంచి, పూటపూటకు పంచి పెట్టవలెను. రాశి మేసిన పశువునకు కడుపారా నీరు పెట్టక, వెంటనే వైద్యుని పిలువవలెను. ఇంట సోడా ఉన్నదని జాగు చేయరాదు.

కరవు ఏట సొప్ప కొరత ఏర్పడి, దాణాయే మేలనిపించును. ఆ లెక్క వేయునపుడు ఎద్దు ప్రాణమును కూడ అందులో చేర్చుకొందము.