తెగిన బెల్టును అక్కడే వదిలేసి రాకండి

హైదరాబాద్ నుంచి సోలాపూర్, పుణె వైపు పెద్ద బైకుల మీద వెళ్లేవాళ్లు 65వ నంబరు జాతీయ రహదారి మీద చిరాగ్‌పల్లి దాటుకుని వెళ్తారు. జహీరాబాద్ తర్వాత తెలంగాణ సరిహద్దు అక్కడే. ఆ పైన కర్ణాటక, హుమ్నాబాద్. సరిగ్గా అక్కడ బండి ఆగిందనుకోండి. ఇంజిన్ నడుస్తోంది, గేరు పడుతోంది, యాక్సిలరేటర్ తిప్పితే మోత వస్తోంది. వెనక చక్రం మాత్రం తిరగడం లేదు. వంగి చూస్తే, మామూలు బండికి చైన్ ఉండే చోట ఈ బండికున్న నల్లటి పళ్ల బెల్టు తెగి వేలాడుతోంది.

ఆ తర్వాత జరిగేది దాదాపు ప్రతిసారీ ఒకటే. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి జహీరాబాద్‌కో, హైదరాబాద్ షోరూంకో చేరుస్తారు. కొత్త బెల్టు తెప్పించి వేస్తారు, బిల్లు చేతిలో పెడతారు. పాత బెల్టు ఏమైందని ఎవరూ అడగరు. కొన్నాళ్లకు కొత్త బెల్టూ తెగుతుంది, లేదా వారంటీ వర్తించదని షోరూం చెప్పిన మాట నిజం కాదని తెలుస్తుంది. అప్పుడు వకీలు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది ఆ పాత బెల్టునే. అప్పటికే అది స్క్రాపులో కలిసిపోయి ఉంటుంది, కేసు బలంలో చాలా భాగం దానితోనే పోతుంది. డబ్బిచ్చి మార్పించుకున్నప్పుడు తెగిన బెల్టు మీ సొత్తు. అడిగి తీసుకోండి. వారంటీ కింద ఉచితంగా మార్చి పాతదాన్ని కంపెనీ ఉంచుకుంటానంటే, తెగిన రెండు కొసలనూ, పళ్లనూ దగ్గరగా ఫొటోలు తీసుకోండి. బెల్టు ఎక్కడ, ఎలా తెగిందో జాబ్ కార్డు మీద రాయించండి.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే బెల్టు గురించి కొంచెం తెలుసుకోవాలి. హార్లీ డేవిడ్‌సన్ టూరింగ్ బళ్లలో ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి చేర్చేది బెల్టే. ఆ కంపెనీ 1980లో స్టర్గిస్ మోడల్‌తో బెల్టును మళ్లీ వాడుకలోకి తెచ్చింది. పైకి రబ్బరు పట్టీలా కనిపించినా లోపల కెవ్లార్ వంటి అరమిడ్ పోగులో, కార్బన్ పోగులో ఉంటాయి. లాగుడంతా భరించేది అవే. చైన్‌కు ఉన్నట్టు దీనికి విప్పే లింకు ఉండదు. అందుకే ఈ టూరింగ్ బళ్లలో బెల్టు మార్చాలంటే వెనక చక్రం తీయాలి, స్వింగార్మ్ విప్పాలి, ప్రైమరీ భాగం కూడా ఊడదీయాలి. రోడ్డు పక్కన అయ్యే పని కాదు. బెల్టు ధర మీద కూలి ఎంత పడుతుందో ముందే అడగాల్సింది అందుకే.

తెగిన తీరును చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. కంకర రాయి బెల్టుకూ పుల్లీకీ మధ్య పడితే చిల్లు పడుతుంది, ఆ చిల్లు దగ్గరే తెగుతుంది. బిగించేటప్పుడో, దాచేటప్పుడో బెల్టును మడత పడేలా వంచితే లోపలి పోగులు విరుగుతాయి. పైకి ఏమీ కనిపించదు, తర్వాత ఒకరోజు కత్తితో కోసినట్టు అడ్డంగా తెగుతుంది. ఒక్కసారిగా పెద్ద కుదుపు వస్తే ఏటవాలుగా, చీలికలు పీలికలుగా తెగుతుంది. బిగువు తక్కువైతే పళ్లు అరిగిపోతాయి. చట్టం దృష్టిలో ఇవన్నీ ఒకటి కావు. రాయి పడితే ఎవరి తప్పూ లేదు. మెకానిక్ వంచి బిగిస్తే అది సేవలో లోపం. తయారీలోనే పోగు బలహీనమైతే అది వస్తువులో లోపం. మొదటిదాంట్లో ఖర్చు మీది, రెండో దాంట్లో బిగించినవాడిది, మూడో దాంట్లో కంపెనీది. మూడింటినీ వేరు చేసి చూపగలిగేది ఆ తెగిన ముక్కే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ఈ సంగతిని నేరుగా పట్టించుకుంది. పరీక్ష లేకుండా లోపం తేల్చలేమనుకుంటే జిల్లా కమిషన్ ఆ వస్తువు నమూనా తీసుకుని, సీలు వేసి, ప్రయోగశాలకు పంపుతుంది. పరీక్ష ఫీజు ఫిర్యాదుదారు కట్టాలి. నమూనాయే లేకపోతే పంపేదేముంది? అవతలి పక్షం ‘నువ్వు సరిగా చూసుకోలేదు’ అని ఒక్క మాట అంటే జవాబుండదు. సర్వీసు బిల్లులన్నీ, ముఖ్యంగా బెల్టు బిగువు చూసినట్టు రాసి ఉన్నవి, దాచుకోమని చెప్పేది కూడా ఈ మాటకు జవాబు కోసమే.

బెల్టు తెగిందని కొత్త బండి అడిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ దారిలో వెళ్తే దక్కాల్సింది కూడా ఆలస్యమవుతుంది. మారుతీ ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైనప్పుడు మొత్తం వాహనం మార్చమనడం కుదరదంది. కాబట్టి బెల్టు, అరిగిన పుల్లీలు, కూలి, ట్రాలీ ఖర్చు, పడ్డ ఇబ్బందికి పరిహారం అడగండి. లెక్కతో అడిగితే కమిషన్ వింటుంది.

‘బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడు, వారంటీ పోయింది’ అన్న మాట షోరూంలలో తరచూ వినిపిస్తుంది. అది విని వెనక్కి వచ్చేయకండి. శంషేర్ కటారియా ఫిర్యాదు మీద భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరక్కుండా చేయడం, బయటి మెకానిక్‌ల దారి మూసేయడం అందులోని తప్పులు. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ రద్దని గంపగుత్తగా షరతు పెట్టొద్దని కూడా ఆదేశించింది. అప్పీలు చేసిన మూడు కంపెనీల విషయంలో 2016లో ట్రిబ్యునల్ జరిమానా తగ్గించింది గానీ తప్పు జరగలేదని అనలేదు. ఆ ఉత్తర్వు కార్ల మీద వచ్చింది, బైకుల కంపెనీలను నేరుగా కట్టడి చేయదు. అయినా మీ నోటీసులో దాన్ని ఉదహరించండి. బయటి మెకానిక్ ముట్టుకున్నది హెడ్‌లైటు, తెగింది బెల్టు అయితే, ఆ రెంటికీ సంబంధమేమిటో రాతపూర్వకంగా చెప్పమనండి.

బెల్టు బళ్ల యజమానులను 2020 సెప్టెంబరులో ఇంకో భయం పట్టుకుంది. హార్లీ డేవిడ్‌సన్ భారత్‌లో అమ్మకాలు, బావల్‌లోని తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దేశంలో ఆ కంపెనీ తొలి షోరూంలలో ఒకటి 2010లో తెరుచుకున్నది హైదరాబాద్‌లోనే కాబట్టి ఇక్కడా కలవరం పుట్టింది. అక్టోబరులో హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరి అమ్మకాలు, సర్వీసు, విడిభాగాల బాధ్యత దాని చేతికి వచ్చింది. ప్రతిసారీ అలా ఆదుకునేవాళ్లు దొరుకుతారన్న హామీ లేదు. తయారీదారు మీద నోటీసు అమలు చేయలేని పరిస్థితిలో, లేదా అతనికి భారత చట్టం వర్తించనప్పుడు, అమ్మినవాడే ఉత్పత్తి బాధ్యత వహించాలని అదే 2019 చట్టం 86వ సెక్షన్ చెబుతోంది. ‘కంపెనీ విదేశంలో ఉంది, మమ్మల్నేం అడుగుతారు’ అనే డీలరుకు ఈ సెక్షన్ చూపించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉత్పత్తి బాధ్యత అనేది లోపమున్న వస్తువు వల్ల మనిషికి, ఇతర ఆస్తికి జరిగిన హానికి మాత్రమే. ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. బెల్టు తెగి మీరు కింద పడి చెయ్యి విరిగితే ఆ దారి. బండి ఆగి బెల్టు ఖర్చు మాత్రమే అయితే ‘వస్తువులో లోపం’, ‘సేవలో లోపం’ కింద ఫిర్యాదు. రెండూ కలిపి గందరగోళంగా రాసిన ఫిర్యాదు వాయిదాల్లో చిక్కుకుంటుంది.

మెకానిక్‌తో పేచీల సంగతి. పని చేసినవాడికి కూలి ఇచ్చేదాకా బండిని ఉంచుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తోంది. చేతి పని మీద బతికేవాడికి అది న్యాయమే. మీరు ఒప్పుకోని పనికి మాత్రం ఆ హక్కు లేదు. అందుకే విప్పడానికి ముందే ఎస్టిమేట్ తీసుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా చాలు. బిల్లు ఎక్కువ వేశారని అనిపించినా బండి తప్పనిసరి అయితే, ‘అభ్యంతరంతో చెల్లించాను’ అని బిల్లు మీద రాసి కట్టండి. కచ్చా చిట్టీ ఇస్తే ఒప్పుకోకండి, బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బెల్టు ప్యాకెట్ కూడా దాచండి. దాని మీద ఎమ్మార్పీ, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటే తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు.

బీమా మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలో అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపులు. ప్రమాదంలో బెల్టు పాడైతే క్లెయిమ్ వస్తుంది గానీ రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు సగం కోత పడుతుంది. హైవే మీద బండి ఆగినప్పుడు 1033కు ఫోన్ చేస్తే జాతీయ రహదారుల సాయం అడగొచ్చు.

సరిహద్దు దగ్గర వచ్చే సందేహం ఇంకొకటి: బండి కర్ణాటకలో ఆగి హుమ్నాబాద్‌లో బాగు చేయిస్తే కేసు అక్కడే వేయాలా? అక్కర్లేదు. పాత చట్టంలో ఆ బాధ ఉండేది. ఇప్పుడు మీరు నివసించే చోటో, పని చేసుకునే చోటో వేయొచ్చు. జహీరాబాద్ వాళ్లకు సంగారెడ్డి జిల్లా కమిషన్, హైదరాబాద్ వాళ్లకు హైదరాబాద్. ఫీజు మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. రిపేరు బిల్లు మీదే ఫిర్యాదైతే 5 లక్షల లోపు ఫీజే లేదు. బండి లోపం మీదైతే బండి ధర లెక్కకొస్తుంది. 20 నుంచి 50 లక్షల బండికి 1,000 రూపాయలు. ముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కంపెనీకి రాసి కొన్నింటిని మాట్లాడి పరిష్కరిస్తుంది. ఇవన్నీ పెద్ద బైకులకే కాదు. యాక్టివా లాంటి గేర్‌లెస్ స్కూటర్లోనూ బెల్టే ఉంటుంది. దానికి తప్పుడు బెల్టు వేసి మోసపోయిన పాలవ్యాపారికీ ఇదే చట్టం, ఇదే కమిషన్.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, కారణం ఏర్పడిన రోజు నుంచి. షోరూంతో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని అడగొచ్చు, మన్నించడం కమిషన్ ఇష్టం.