అప్లికేషన్ వైపు నుంచి చూడు

అమ్ములూ,

నీ మెయిల్ చూశాను. కాసాండ్రా డేటాబేస్ నోడ్లన్నీ లేచే ఉన్నాయట, అప్లికేషన్ మాత్రం కనెక్ట్ కావట్లేదట, టీమ్‌లో అందరూ రీస్టార్ట్ చేసేద్దామంటున్నారట. కారణం తెలిసేదాకా ఎవర్నీ ఆ పని చెయ్యనివ్వకు. బాగున్న నోడ్‌ని ఆపితే కొత్త తలనొప్పి మొదలవుతుంది, పాతదాని ఆనవాళ్లూ చెరిగిపోతాయి.

నోడ్‌టూల్ స్టేటస్‌లో అన్నిటికీ యూఎన్ (అప్, నార్మల్) అని ఉందని ధీమాగా రాశావు. నోడ్లకు నోడ్లు కనిపిస్తున్నాయనే దాని అర్థం. అవి తమలో తాము మాట్లాడుకునేది 7000 పోర్టులో, నీ అప్లికేషన్ వచ్చేది 9042కి. మొదటిది తెరిచి ఉన్నా రెండోది మూసి ఉండొచ్చు. కాబట్టి ఏ పరీక్షయినా అప్లికేషన్ నడిచే మెషీన్ మీదే చెయ్యి.

ఎర్రర్ కింది దాకా చదువు. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే చాలాసార్లు మెషీన్ దొరికింది కానీ ఆ పోర్టులో ఎవరూ వినడంలేదని. నోడ్ అప్లికేషన్ల కోసం వినే ఆర్‌పీసీ అడ్రస్ లోకల్‌హోస్ట్‌గానే ఉండిపోయిందేమో చూడు. 'టైమౌట్' అయితే ఫైర్‌వాల్‌నో రూటింగ్‌నో ముందు అనుమానించు. లాగిన్ ఎర్రర్ వచ్చిందంటే నెట్‌వర్క్ గండం గడిచినట్టే. కానీ తప్పు పాస్‌వర్డ్‌దే కాకపోవచ్చు: లాగిన్ వివరాలుండే సిస్టమ్ ఆథ్ కీస్పేస్ రెప్లికేషన్ మొదట 1 మాత్రమే ఉంటుంది. దాన్ని పెంచకపోతే, నీ యూజర్ వివరాలున్న నోడ్ పడిపోయిన రోజున సరైన పాస్‌వర్డ్ కూడా చెల్లదు. 'అన్‌అవైలబుల్' అసలు కనెక్షన్ గొడవే కాదు, కావలసినన్ని రెప్లికాలు లేవని. మూడు కాపీలుంటే కోరమ్‌కి రెండు బతికుండాలి.

ఇక అందరినీ తిప్పలు పెట్టేది ఇంకోటుంది. నువ్విచ్చే కాంటాక్ట్ పాయింట్లు మొదటి పలకరింపుకే. ఊళ్లో మొదటి ఇంట్లో అడిగి మిగతా ఇళ్ల దారి తెలుసుకున్నట్టు, అప్లికేషన్‌లోని డ్రైవర్ ఆ నోడ్‌లోని సిస్టమ్ పీర్స్ టేబుల్ చదివి తక్కిన నోడ్ల అడ్రసులు తీసుకుంటుంది. అక్కడ డాకర్ లోపలి అడ్రసో, క్లౌడ్ ప్రైవేట్ అడ్రసో ఉంటే బయటి అప్లికేషన్ ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు. మొదటి నోడ్ కలిసి మిగతావి టైమౌట్ అవుతుంటే ఇదే అనుకో. బ్రాడ్‌కాస్ట్ ఆర్‌పీసీ అడ్రస్‌లో అప్లికేషన్ చేరగలిగే అడ్రస్ పెట్టాలి. ఆ మార్పుకి రీస్టార్ట్ తప్పదు. ఒక నోడ్ పూర్తిగా లేచాకే రెండోదాని జోలికి వెళ్లు.

జావా డ్రైవర్ 4 వాడుతుంటే లోకల్ డేటాసెంటర్ పేరు కూడా సరిచూడు. ఒక్క అక్షరం, చివరికి పెద్దబడి చిన్నబడి తేడా ఉన్నా, నోడ్లన్నీ ఎదురుగా ఉండగానే ఒక్క నోడ్ కూడా అందుబాటులో లేదంటుంది.

పూర్తి ఎర్రర్, పీర్స్ టేబుల్‌లోని అడ్రసులు, అప్లికేషన్ మెషీన్ నుంచి ఒక్కో నోడ్ 9042కి చేసిన పరీక్షల ఫలితం, ఈ మూడూ పక్కపక్కన రాసుకో. అప్పటికీ తేలకపోతే, పాస్‌వర్డులు తీసేసి, నాకు పంపు.

ఇట్లు,
మావయ్య