చెట్టు తొర్రలో తేనెటీగలు: పంచాయతీ చేయదగిన పని

బడి ఆవరణలోని చింతచెట్టు తొర్రలోనో, రచ్చబండ వద్ద రావిమ్రానులోనో తేనెటీగలు చేరుట గ్రామములలో సామాన్యము. ఎవరినో ఒకరిని కుట్టిన పిదప, చెట్టుకు నిప్పు పెట్టవలెనను మాట పంచాయతీ ముందునకు వచ్చును. అట్టి నిర్ణయమునకు పూర్వము సభ్యులు కొన్ని సంగతులు గమనింపవలెను.

మొదట జాతిని గుర్తింపవలెను. ఆరుబయట కొమ్మకు ఒకే పెద్ద తుట్టె వ్రేలాడుచున్నచో అవి కొండ తేనెటీగలు. అవి పెట్టెలలో నిలువవు. అనుభవము లేనివారు వాని జోలికి పోరాదు. తొర్రలోని చీకటిలో వరుసగా అనేక తుట్టెలు కట్టునవి పుట్ట తేనెటీగలు. ఇవి పెంపకమునకు తగినవి. గుమ్మడి, దోస, పొద్దుతిరుగుడు పూలకు పుప్పొడి చేర్చి, కాయను, గింజను నిలుపుటలో వీని పాత్ర గొప్పది.

నిప్పు పెట్టినచో చెట్టును పోవును. పురుగుమందు చల్లినచో తేనె విషమగును. దానిని దోచుకొనవచ్చిన ఇతర ఈగలు చచ్చును, తినిన పిల్లలకు ప్రాణాపాయము.

తొర్ర ఎత్తున, బాటకు దూరముగ ఉన్నచో వదలివేయుటయే మేలు. బడికో, బావికో చేరువనున్నచో శిక్షణ పొందిన పెంపకందారుచే పెట్టెలోనికి మార్పింపవలెను. ఆనాడు పిల్లలను దూరముగ ఉంచి, సమీపమున కట్టివేసిన పశువులను తప్పక విప్పి తోలవలెను.

ఈ పని వాన, పెనుగాలి లేని సాయంకాలము చేయవలెను. పొగ కొంచెము తగిలినచో ఈగలు తేనె త్రాగి శాంతించును. పిల్లపురుగులున్న తుట్టెలను కోసి, తలక్రిందులు కాకుండ చట్రములకు అరటినారతో కట్టి పెట్టెలో నిలుపుదురు. రాణి ఈగ లోపల చేరినచో తక్కినవి దానిని అనుసరించును. చీకటి పడి అన్నియు చేరిన పిదప, ద్వారమునకు జాలి బిగించి, పెట్టెను రెండు మూడు కిలోమీటర్ల దూరపు తోటకు చేర్చవలెను. చేరువనే ఉంచినచో మేతకు పోయిన ఈగలు పాత తొర్రకే మరలును. ఖాళీయైన తొర్రను జాలితో మూయకున్నచో మరియొక గుంపు వచ్చి చేరును.

ఈగ కుట్టినచో ముల్లును వెంటనే గోటితో గీరి తీయవలెను. ఆ ముల్లు వాసన ఇతర ఈగలను రప్పించును గనుక అచ్చట నిలువరాదు. ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను.

ఊరిలో ఇట్టి చెట్లెన్ని యున్నవో ముందుగనే చూచి, సమీపమునగల పెంపకందారు పేరును పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుడు. అవసరమునాడు అగ్గిపెట్టె వెదకవలసిన పని యుండదు.